మచ్చిక కావాల్సిన యంత్రం: సెకండ్ హ్యాండ్ మెటల్ డిటెక్టర్‌తో మొదటి నెల

ఒకరు వాడిన మెటల్ డిటెక్టర్ మీ చేతికొచ్చింది. స్విచ్ వేశారు. కీచుమంది, గురగురలాడింది, తెరమీద ఒక అంకె మెరిసింది, మరుక్షణం ఇంకో అంకె వచ్చింది. ఇది పనిచేస్తున్నట్టా, పాడైనట్టా? కొత్తది కొన్నవాళ్లకు ఈ అనుమానం రాదు. పాతది కొన్నవాళ్లను మాత్రం నెలల తరబడి వెంటాడుతుంది. ఏమీ దొరకని ప్రతి రోజూ "లోపం యంత్రంలోనేనేమో" అనిపిస్తుంది.

ఈ అనుమానం తీరాలంటే ఒక వరస పాటించాలి. డిటెక్టర్ పిచ్చిగా అరిచినా, అసలు అరవకపోయినా కారణం మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: యంత్రంలో, దాని సెట్టింగుల్లో, లేదా నేలలో. కొన్న మర్నాడే మైదానంలోకి దిగితే మూడూ ఒకేసారి మాట్లాడతాయి, ఏది ఏమంటోందో తెలియదు. అందుకే ముందు యంత్రాన్ని ఇంట్లో పరీక్షించాలి, తర్వాత సెట్టింగులను సరిచేయాలి, నేల మీదికి చివర్లో వెళ్లాలి. కింద చెప్పే పనులన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. తొందరపడి మధ్యలోంచి మొదలుపెట్టకండి.

1. ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు

కంట్రోల్ బాక్స్ (బటన్లు, తెర ఉండే పెట్టె) అడుగునో, బ్యాటరీ మూత లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది. మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాసుకోండి. పేరున్న కంపెనీల ఖరీదైన మోడళ్లకు అచ్చుగుద్దినట్టుండే నకిలీలు తిరుగుతున్నాయి. సీరియల్ నంబర్‌ను తయారీదారుకు పంపి అడిగితే అసలుదో కాదో తేలుతుంది. డబ్బు ఇచ్చేముందే అడగగలిగితే మరీ మంచిది.

తర్వాత మాన్యువల్. పాత మోడళ్లకు కూడా చాలావరకు తయారీదారు సైటులో దొరుకుతుంది. కంపెనీ ఇంకా ఉందో లేదో కూడా చూసుకోండి. అమెరికాకు చెందిన వైట్స్ ఎలక్ట్రానిక్స్ 2020లో మూతపడింది. దాని యంత్రాలు ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తున్నాయి, కానీ కాయిల్ (నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగం) పగిలితే ఆ కంపెనీ నుంచి కొత్తది రాదు.

మాన్యువల్‌లో ముందు చూడాల్సింది మీది ఏ జాతి యంత్రం అన్నది. ఎక్కువమంది చేతుల్లో ఉండేది వీఎల్‌ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం. కాయిల్‌లో ఒక తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో సుడులు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి నుంచి తిరిగొచ్చే చిన్న స్పందనను రెండో తీగచుట్ట పట్టుకుంటుంది. స్పందన ఎంత బలంగా ఉంది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్న రెండు విషయాల నుంచే యంత్రం తన అంకెను లెక్కగడుతుంది. పల్స్ ఇండక్షన్ రకమైతే ఒక్కో విద్యుత్ దెబ్బ కొట్టి, ఆ తర్వాత వచ్చే ప్రతిధ్వని ఎంత సేపట్లో తగ్గుతుందో చూస్తుంది. అది ఖనిజాలున్న నేలలోనూ ఉప్పునీటి ఇసుకలోనూ బాగా లోతుకు వెళ్తుంది గానీ ఇనుమును విడదీసి చెప్పడంలో బలహీనం. ఈ వ్యాసంలో చెప్పేది ప్రధానంగా వీఎల్‌ఎఫ్ గురించి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మీకు దక్కింది కాయిల్ లేకుండా, రెండు యాంటెన్నా పుల్లలతో "వంద మీటర్ల దూరంలోని బంగారాన్ని చూపిస్తుంది" అని అమ్మిన వస్తువైతే దాన్ని మచ్చిక చేసుకునే పనే లేదు. అలాంటి పనితీరుకు ఏ భౌతిక ఆధారమూ లేదు. ఇదే కోవలో పుల్ల తిప్పే ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులు పట్టేదిగా అమ్మిన వ్యక్తికి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. దాని లోపల పనిచేసే భాగమే లేదు.

2. ఒళ్లంతా తడిమి చూడండి

స్విచ్ వేయకుండానే అరగంట పని ఉంది. ఎక్కువ లోపాలు బయటపడేది ఇక్కడే కాబట్టి దీన్ని దాటేయకండి.

కాయిల్‌తో మొదలుపెట్టండి. దాని అడుగున రాపిడి తగలకుండా ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అంచుల దగ్గర గోరు దూర్చి మెల్లగా ఊడదీయండి. నా రెండో డిటెక్టర్ కూడా సెకండ్ హ్యాండే. అది నేలకు దగ్గరగా ఊపిన ప్రతిసారీ చిటపటమనేది. కాయిల్ పోయిందనే అనుకున్నాను. కవర్ తీసి కాగితం మీద దులిపితే సన్నటి నల్ల ఇసుక గుప్పెడు రాలింది. కాగితం కింద అయస్కాంతం కదిపితే ఆ ఇసుక చీమల బారులా దాని వెంట నడిచింది. ఇనుప ఖనిజం కలిసిన ఇసుకను కాయిల్‌కు అంటించుకుని తిరుగుతుంటే యంత్రం ఏం చేస్తుంది పాపం, తన కాళ్ల కింద ఉన్నదాన్నే చెబుతూ పోయింది. కవర్ కడిగి, ఆరబెట్టి, తిరిగి తొడిగాక ఆ చిటపట మళ్లీ వినపడలేదు.

కవర్ తీసినప్పుడే కాయిల్ అడుగున పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. సన్నటి పగులైనా నీళ్లు లోపలికి పోవడానికి దారే. కాయిల్‌ను కర్రకు బిగించే రెండు చెవుల దగ్గర కూడా చూడండి, ఎక్కువగా విరిగేది అక్కడే. అక్కడి బోల్టు ప్లాస్టిక్‌దే అయ్యుండాలి, వాషర్లు రబ్బరువే అయ్యుండాలి. అసలు బోల్టు పోగొట్టుకుని ఎవరో ఇనుప బోల్టు పెట్టి ఉంటే యంత్రం రోజంతా దాన్నే వింటూ ఉంటుంది. కర్ర కింది భాగం లోహంతో కాకుండా ప్లాస్టిక్‌తోనో ఫైబర్‌తోనో ఉండేది కూడా ఇందుకే.

ఇక కేబుల్. కాయిల్ నుంచి కంట్రోల్ బాక్స్ వరకు వేళ్ల మధ్య పట్టుకుని అంగుళం అంగుళం జరపండి. మెత్తబడిన చోటు, చితికిన చోటు, టేపు చుట్టిన చోటు గుర్తుపెట్టుకోండి. కాయిల్‌లోకి దూరే చోట, కనెక్టర్ మొదట్లో తీగలు ఎక్కువగా తెగుతాయి. కనెక్టర్ విప్పి పిన్నుల మీద చిలుము ఉందేమో చూడండి. పచ్చగా పట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక చేత్తోనే బిగించండి. కటింగ్ ప్లేయర్‌తో బిగిస్తే మర పోతుంది.

తిరిగి కేబుల్ చుట్టేటప్పుడు కర్రకు అంటిపెట్టుకునేలా బిగువుగా చుట్టి, కాయిల్ దగ్గర మాత్రం అది వంగడానికి సరిపడా వదులివ్వండి. వేలాడే కేబుల్ కాయిల్ మీద ఊగిందంటే లేని లోహం ఉన్నట్టు అరుపు వస్తుంది.

నీటి విషయంలో పాత యంత్రాన్ని నమ్మవద్దు. చాలా మోడళ్లలో కాయిల్ మాత్రమే నీటిని తట్టుకుంటుంది, కంట్రోల్ బాక్స్ తట్టుకోదు. మొత్తం మునిగినా ఫరవాలేదని మాన్యువల్ చెప్పినా అది కొత్త రబ్బరు రింగులున్నప్పటి మాట. ఆ రింగులు ఎండి పగిలాయో, మూత ఎవరైనా ఎప్పుడైనా విప్పారో మీకు తెలియదు. రింగులు మార్చేదాకా బాక్స్‌ను నీళ్లకు దూరంగా ఉంచండి.

3. కరెంటు సంగతి

బ్యాటరీ గది తెరవగానే తెల్లటి పొడి కనిపిస్తే పాత ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. చేతులకు తొడుగు వేసుకుని, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ దూదిపుల్లకు రెండు చుక్కలు అద్ది తుడవండి. ఆ క్షారాన్ని పులుపు విరిచేస్తుంది. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. స్ప్రింగు తుప్పుపట్టి సన్నబడితే మార్పించాలి.

కొత్త సెల్స్ వేయండి. పాతవీ కొత్తవీ కలపవద్దు. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జ్ అయ్యే నికెల్ రకం 1.2 వోల్టులు. ఎనిమిది సెల్స్ పట్టే యంత్రంలో ఇది 12కూ 9.6కూ ఉన్న తేడా. చాలా యంత్రాలు రెంటితోనూ పనిచేస్తాయి గానీ బ్యాటరీ సూచిక మాత్రం రీచార్జ్ సెల్స్‌తో ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. మొదటి పరీక్షలన్నీ కొత్త ఆల్కలైన్ సెల్స్‌తోనే చేయండి, అనుమానాల్లోంచి ఒకటైనా పోతుంది.

లోపలే లిథియం బ్యాటరీ ఉన్న మోడల్ అయితే ఒకసారి పూర్తిగా చార్జ్ చేసి, ఆపకుండా వదిలేసి ఎన్ని గంటలు నిలిచిందో రాసుకోండి. మాన్యువల్ చెప్పినదాంట్లో సగం కూడా రాకపోతే బ్యాటరీ వయసైపోయిందని అర్థం. ఉబ్బినట్టు కనిపిస్తే అసలు చార్జింగ్ పెట్టవద్దు.

4. పాత యజమాని అలవాట్లను చెరిపేయండి

ఇది రెండు నిమిషాల పని. అయినా ఎక్కువమంది చేయరు. మీకంటే ముందు వాడిన మనిషి తన నేలకు, తన చెవికి, తన వేటకు తగ్గట్టు సెట్టింగులు మార్చుకుని ఉంటాడు. సముద్రపు ఇసుకలో తిరిగినవాడైతే సెన్సిటివిటీ (ఎంత చిన్న స్పందనకు పలకాలో చెప్పే సెట్టింగు) తగ్గించి ఉండొచ్చు. చెత్త ఎక్కువున్న పార్కుల్లో తిరిగినవాడైతే అంకెల్లో సగం మూగబోయేలా నాచ్ (ఎంచుకున్న అంకెలకు పలకకుండా చేసే సెట్టింగు) పెట్టి ఉండొచ్చు. మీరు కాయిల్ ముందు ఉంగరం ఊపితే యంత్రం పలకకపోవడానికి కారణం అదే కావచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది, చేసేయండి. తెరలేని, తిప్పే బటన్లే ఉన్న పాత యంత్రమైతే ప్రతి బటన్‌నూ మాన్యువల్‌లో చెప్పిన మొదటి గుర్తు దగ్గరికి తిప్పండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తీసుకునే మోడల్ అయితే అదీ ఇప్పుడే చూసుకోండి.

5. గాల్లో పరీక్ష

ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పక్కన పెట్టండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. డిటెక్టర్‌ను చెక్క బల్ల మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో పెట్టి, కాయిల్ బయటికి వేలాడేలా ఉంచండి. కాయిల్‌కు అన్ని వైపులా కనీసం మీటరు దూరం లోహం లేకుండా చూడండి. కాంక్రీటు నేలలో ఇనుప ఊచలు, బల్లలో మేకులు, గోడలో వైర్లు ఉంటాయి.

ఈ జాగ్రత్త ఎంత ముఖ్యమో 1881లోనే తేలింది. అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో చిక్కుకున్న తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి సూత్రంతోనే ఒక పరికరం తయారుచేసుకొచ్చాడు. అది పనిచేసేదే. కానీ అధ్యక్షుడు పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి, వాటి గోలలో తూటా జాడ తెలియలేదు. పైగా వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, తూటా ఉన్నది ఎడమవైపు. యంత్రం బాగానే ఉండి చుట్టుపక్కల పరిస్థితి దెబ్బతీయడం అంటే ఇదే.

స్విచ్ వేసి, సెన్సిటివిటీ మధ్యలో పెట్టి, ముందు ఏమీ ఊపకుండా వినండి. నిశ్శబ్దంగా ఉంటే మంచిది. గోల చేస్తే ఎక్కడి గోలో ఇలా తేల్చండి.

కాయిల్‌ను మెల్లగా వేరే దిక్కుకు తిప్పండి. గోల పెరగడమో తగ్గడమో జరిగితే అది బయటి నుంచి వస్తున్నది: వైఫై పెట్టె, ఎల్‌ఈడీ దీపం, కరెంటు తీగలు, ఇన్వర్టర్. దీపాలు ఆర్పి, లేదా ఆరుబయటికి తీసుకెళ్లి మళ్లీ వినండి. నాయిస్ క్యాన్సిల్ గానీ ఫ్రీక్వెన్సీ మార్పు గానీ ఉంటే వాడండి. దిక్కు మార్చినా తేడా లేకుండా, కేబుల్ కదిపినప్పుడు మాత్రమే అరిస్తే కేబుల్‌దో కనెక్టర్‌దో లోపం. కాయిల్‌ను వేలి కణుపుతో మెల్లగా తట్టినప్పుడల్లా కీచుమంటే కాయిల్ లోపలి తీగచుట్ట కదిలిందనుకోవచ్చు. సెన్సిటివిటీ బాగా ఎక్కువలో ఉంటే మంచి కాయిల్ కూడా కొంచెం పలుకుతుంది, కాబట్టి మధ్యలో ఉంచే తట్టి చూడండి. వీటిలో ఏదీ కాకుండా, ఊరికి దూరంగా తీసుకెళ్లినా, సెన్సిటివిటీ అడుగుకు దించినా అదే గోల ఉంటే అప్పుడు లోపలి సర్క్యూట్‌ను అనుమానించండి.

యంత్రం నెమ్మదించాక ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకుని వస్తువులు ఊపండి: ఇనుప మేకు, సీసా మూత, కూల్‌డ్రింక్ క్యాన్ రింగు, అల్యూమినియం రేకు ముక్క, రెండు మూడు రకాల నాణేలు, ఇత్తడి, వెండి, బంగారు ఉంగరం. కాయిల్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో, నేలకు కాదు కాయిల్ ముఖానికి సమాంతరంగా ఊపాలి. చాలా యంత్రాలు కదలికలోనే లోహాన్ని గుర్తిస్తాయి, కదపకుండా పట్టుకుంటే మౌనంగా ఉండిపోతాయి. ప్రతి వస్తువుకూ వచ్చిన అంకె, శబ్దం తీరు రాయండి. నాణేన్ని బోర్లా ఒకసారి, అంచు మీద ఒకసారి ఊపి చూడండి. మధ్యస్థాయి యంత్రం ఒక మామూలు నాణేన్ని గాల్లో 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పట్టాలి. సెన్సిటివిటీ బాగా పెంచినా, గోల లేని చోట పెట్టినా 10 సెంటీమీటర్లు దాటకపోతే కాయిల్ గానీ సర్క్యూట్ గానీ బలం కోల్పోయినట్టే.

ఇక్కడే ఒక పని చేసి చూడమని గట్టిగా చెబుతాను. అగ్గిపెట్టె అంత అల్యూమినియం రేకు ముక్క తీసుకుని ఊపండి, అంకె రాసుకోండి. దాన్ని మడత పెట్టి మళ్లీ ఊపండి. ఇంకో మడత. ఇంకొకటి. లోహం అదే, మందం మాత్రమే మారింది, అయినా అంకె జరుగుతూ పోతుంది. ఆ దారిలో ఏదో ఒకచోట మీ బంగారు ఉంగరం అంకెను తాకే అవకాశం చాలా ఎక్కువ. తెరమీది అంకె లోహం పేరు కాదు. లోహం గుణం, వస్తువు పరిమాణం, మందం, ఆకారం అన్నీ కలిసిన ఫలితం అది. ఉంగరం గుండ్రంగా మూసుకుని ఉంటే గట్టిగా పలుకుతుంది. అదే ఉంగరం ఒకచోట తెగితే ప్రవాహం చుట్టూ తిరగలేక గొంతు పడిపోతుంది. సన్నటి గొలుసు అంత పొడుగున్నా యంత్రానికి విడివిడి చిన్న లింకుల్లాగే వినపడుతుంది.

ఇంకో యంత్రం వాడేవాళ్ల అంకెలు మీకు పనికిరావు. కొన్ని 0 నుంచి 99 వరకు కొలుస్తాయి, కొన్ని మైనస్ 9 నుంచి 40 వరకు. మీ నోటుపుస్తకమే మీ యంత్రానికి నిఘంటువు.

6. నేలతో రాజీ

ఇప్పటిదాకా యంత్రం గాలితో మాట్లాడింది. నేలలో ఇనుప ఖనిజాలుంటాయి, లవణాలుంటాయి, అవీ స్పందిస్తాయి. వాటి స్పందనను గుర్తుపట్టి పక్కన పెట్టమని యంత్రానికి నేర్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్.

ముందు లోహం లేని చోటు వెతకాలి. ఆల్ మెటల్ మోడ్‌లో (ఏ లోహాన్నీ వదలకుండా అన్నిటికీ పలికే పద్ధతిలో) రెండడుగుల మేర ఊపి ఏ అరుపూ లేని చోట ఆగండి. కాయిల్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని మోకాలి కింది నుంచి నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడించండి. ఆటోమేటిక్ అయితే బటన్ నొక్కిపెట్టి ఆడించాలి, అదే సర్దుకుంటుంది. చేత్తో తిప్పేదైతే కాయిల్ దించినప్పుడు శబ్దం పెరుగుతోందా, తగ్గుతోందా గమనించండి. దించినా ఎత్తినా శబ్దం ఒకేలా ఉండేదాకా బటన్‌ను కొంచెం కొంచెంగా జరపండి. మొదటిసారి పది నిమిషాలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ఎర్రమట్టిలోంచి నల్లమట్టిలోకి వెళ్లినా, పొడినేల నుంచి తడినేలకు వెళ్లినా మళ్లీ చేయాలి. గ్రౌండ్ బ్యాలెన్స్ ముందే స్థిరంగా పెట్టి వచ్చే మోడళ్లలో ఈ వీలుండదు. వాటితో మీరు చేయగలిగింది సెన్సిటివిటీ తగ్గించడమే.

సెన్సిటివిటీ గురించి ఒక అపోహ పాతుకుపోయింది, ఎంత పెంచితే అంత లోతు అని. రేడియో వాల్యూమ్ పెంచితే పాటతో పాటు హోరూ పెరుగుతుంది. ఇక్కడా అంతే. యంత్రం గొణగడం మొదలుపెట్టేదాకా పెంచి, అక్కడి నుంచి ఒకటి రెండు మెట్లు దించండి. అదే ఆ చోటికి, ఆ రోజుకు సరైనది. తడిసిన ఉప్పు ఇసుక మీద ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రాలు బాగా ఇబ్బంది పెడతాయి. అది లోపం కాదు, ఉప్పునీరు కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది.

7. పాతిపెట్టిన బడి

మీ సొంత స్థలంలోనో, అనుమతి ఉన్న చోటో రెండు మూడు మీటర్ల పొడవున ఒక పట్టీ ఎంచుకోండి. ముందు అందులో ఉన్న లోహమంతా తవ్వి తీసేయండి. తర్వాత ఒకే రకం నాణేలను 5, 10, 15, 20 సెంటీమీటర్ల లోతుల్లో, ఒకదానికొకటి కనీసం 60 సెంటీమీటర్ల ఎడంగా పాతండి. ఇంకోచోట 10 సెంటీమీటర్ల లోతులో నాణేన్ని అంచు మీద నిలబెట్టి పాతండి. మరోచోట నాణెం, దానికి నాలుగు వేళ్ల దూరంలో తుప్పు మేకు. ఒకచోట సీసా మూత, ఒకచోట మేకు ఒక్కటే. ప్రతిచోటా ప్లాస్టిక్ పుల్ల గుచ్చి, నోటుపుస్తకంలో పటం గీయండి.

ఇప్పుడు వినండి. 5 సెంటీమీటర్ల నాణెం అరుస్తుంది. 10 దగ్గర స్పష్టంగా పలుకుతుంది. 15 దగ్గర గొంతు తగ్గుతుంది, అంకె ఊగిసలాడుతుంది. 20 దగ్గర చాలా యంత్రాలు గుసగుసలాడతాయి, అంకె చూపించకపోవచ్చు కూడా. దీని వెనక ఒక నియమం ఉంది. కాయిల్ సైజుతో పోలిస్తే దూరం ఎక్కువైనప్పుడు కాయిల్ క్షేత్రం దూరపు ఘనానికి (మూడో ఘాతానికి) విలోమంగా తగ్గుతుంది, వస్తువు నుంచి తిరిగొచ్చే స్పందనా అలాగే తగ్గుతుంది. అంటే దూరం రెండింతలైతే మీకు అందేది 64వ వంతు. యంత్రం బలాన్ని రెండింతలు చేసినా లోతు కొసరంత మాత్రమే పెరిగేది ఇందుకే. సెకండ్ హ్యాండ్‌ది కొన్నందుకు లోతు విషయంలో మీరు అనుకున్నంత నష్టపోలేదు.

ఆ గుసగుసను పదేపదే వినడమే ఈ బడిలో చదువు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, కానీ వాల్యూమ్ మితంగా ఉంచండి. పైన ఉన్న నాణెం ఒక్కసారిగా చెవిలో అరుస్తుంది. పాత యంత్రాలకు లావు పిన్ను, కొత్తవాటికి సన్న పిన్ను పట్టే హెడ్‌ఫోన్స్ కావాలి, ముందే చూసుకోండి.

నాణెం పక్కన మేకున్న చోట ఎక్కువసేపు ఉండండి. డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాలకు పలకకుండా చేసే సెట్టింగు) పెట్టి ఇనుమును మూగబెడితే నాణెం కూడా మూగబోవచ్చు. ఊపే వేగం తగ్గించి, దిక్కు మార్చి, ఆ రెండిటి మీదుగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి వెళ్లండి. ఏదో ఒక కోణంలో నాణెం విడిగా పలుకుతుంది. రికవరీ స్పీడ్ (ఒక వస్తువు విన్నాక పక్కదాన్ని వినడానికి యంత్రం ఎంత త్వరగా సిద్ధమవుతుందో) మార్చుకునే వీలుంటే ఈ చోటే దాన్ని మార్చి చూడాలి. ఆ తేడా ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

8. చేయి తిరగడం

కాయిల్ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, సమాంతరంగా, మొదటి నుంచి చివరి వరకు అదే ఎత్తులో కదలాలి. కొత్తవాళ్ల కాయిల్ ఊయలలా రెండు కొసల్లో పైకి లేస్తుంది. ఆ లేచిన చోటల్లా లోతు పోయినట్టే. ప్రతి ఊపూ వెనకటి ఊపును సగం కప్పాలి. చేయి నొప్పి పెడితే కర్ర పొడవు సరిగా లేదని అర్థం. నిటారుగా నిలబడి, చేయి వదులుగా వేలాడదీసినప్పుడు కాయిల్ మీ పాదాల ముందు ఒక అడుగు దూరంలో చదునుగా ఆనాలి. ఇనుప టోపీలున్న బూట్లు వేసుకుంటే ప్రతి అడుగూ అరుస్తుంది.

శబ్దం వచ్చినచోట తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. రెండు గీతలూ కలిసే చోట వస్తువుంటుంది. పిన్‌పాయింట్ (వస్తువు ఉన్న కచ్చితమైన చోటు చూపే) బటన్ ఉంటే దాన్ని కూడా ఈ అడ్డం నిలువులతోనే వాడండి. మీ కాయిల్‌లో కచ్చితమైన మధ్యబిందువు ఎక్కడో పాతిపెట్టిన నాణెం మీదే తేల్చుకోండి, కొన్ని కాయిళ్లలో అది కొంచెం ముందుకో వెనక్కో ఉంటుంది. రెండు దిక్కుల్లోనూ ఒకేలా పలికేది సాధారణంగా గుండ్రటి వస్తువు. ఒక దిక్కులో పలికి ఇంకో దిక్కులో విరిగిపోయేది తరచూ మేకు. ఈ లెక్క తప్పేది సీసా మూతల దగ్గర. చదునైన, తుప్పుపట్టిన ఇనుప మూత అచ్చం మంచి నాణెంలా ఎత్తైన అంకెతో పలుకుతుంది. కాయిల్‌ను దాని మీది నుంచి మెల్లగా మీ వైపుకు లాగుతుంటే అంచు దగ్గర శబ్దం గరగరలాడి కిందికి జారుతుంది. నేను ఆ జారుడు శబ్దాన్ని గుర్తుపట్టడానికి యాభైకి పైగా మూతలు తవ్వి ఉంటాను.

9. మొదటి వేట

ఎక్కడికి వెళ్లినా ముందు అనుమతి. పురావస్తు స్థలాల్లో, రక్షిత ప్రాంతాల్లో డిటెక్టర్ వాడటం చాలా దేశాల్లో నేరం. దొరికిన పాత వస్తువులను ప్రభుత్వానికి తెలియజేయాలన్న చట్టాలూ ఉన్నాయి. మీరున్న చోటి చట్టం చదివాకే గడప దాటండి. పాత వస్తువు దానికి అసలు విలువ ఇచ్చే మట్టిపొరలోంచి ఒక్కసారి ఊడిందంటే, దాని చరిత్రను ఎవరూ తిరిగి పెట్టలేరు. ఇది నాకు చట్టం కంటే పెద్ద కారణం.

మొదటి రోజు డిస్క్రిమినేషన్ దాదాపు తీసేయండి. ఇనుమును మాత్రం కావాలంటే తగ్గించుకోండి, అల్యూమినియం అంకెలను మూగబెట్టవద్దు. రేకు మడత పరీక్ష గుర్తుందిగా, చెత్తతో పాటు ఉంగరాలనూ మూసేసినట్టవుతుంది. పలికిన ప్రతిదాన్నీ తవ్వండి. తవ్వేముందు ఏముంటుందో ఊహించి పైకి చెప్పండి, తవ్వాక ఏముందో రాయండి. అంకె, శబ్దం, ఊహ, లోతు, వస్తువు: అయిదు గడులు చాలు. వంద వరుసలు నిండేసరికి మీ ఊహలు ఎక్కడ తప్పుతున్నాయో కాగితమే చూపిస్తుంది.

గడ్డిని మూడు వైపులా కోసి మూతలా తిరగేయండి, మట్టిని గుడ్డ మీద పోయండి, పని అయ్యాక అంతా తిరిగి పూడ్చి అడుగుతో నొక్కండి. చెత్తను జేబులో వేసుకు తీసుకురండి, అక్కడే పడేస్తే రేపు మళ్లీ మిమ్మల్నే పిలుస్తుంది. పొడవుగా, నిలకడగా పలికే గీత తగిలితే పాతిన కరెంటు కేబులో పైపో కావచ్చు, తవ్వవద్దు. తుప్పుపట్టి బరువుగా, గొట్టంలానో బేరిపండులానో ఉన్న ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా చోటు గుర్తుపెట్టి వెనక్కి జరిగి పోలీసులకు చెప్పండి. పేలని గుండ్లు దశాబ్దాల తర్వాత కూడా పేలుతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు యంత్రం పట్టేముందే వైద్యుణ్ని అడగాలి.

ఇంటికొచ్చాక కాయిల్ కవర్ ఊడదీసి కడగండి, కేబుల్ తుడవండి, వారం పైన వాడకపోతే సెల్స్ తీసేయండి. నెలకోసారి ఆ పాతిపెట్టిన పట్టీ మీదికి వెళ్లి, అవే సెట్టింగులతో అవే నాణేలను వినండి. 15 సెంటీమీటర్ల నాణెం వానల తర్వాత ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా పలకడం సహజమే. నేల, సెట్టింగులు, బ్యాటరీ అన్నీ మునుపటిలాగే ఉండి అది ఒక్కసారిగా మౌనం దాల్చితే మాత్రం కనెక్టర్ విప్పి మళ్లీ పిన్నులు చూడండి. అక్కడా ఏమీ లేకపోతే, అదే మోడల్ ఉన్నవాళ్ల కాయిల్ ఒక గంట అడిగి తెచ్చుకుని తగిలించండి. దాంతో పలికితే మీ కాయిల్ పోయింది, కొత్త కాయిల్ కొనొచ్చు. దాంతోనూ పలకకపోతే కాయిల్ కోసం డబ్బు పెట్టకుండా, బాక్స్‌ను సర్వీసుకు పంపండి.